చిట్టీల సొమ్ముతో అమెరికా చేరినవాణ్ని రప్పించాలంటే ఏ కాగితాలు కావాలి?

ప్రశ్న: మా ఊళ్లో చిట్టీలు నడిపినాయన 2022లో పాట డబ్బులు ఎగ్గొట్టి అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. పోలీసులు చార్జిషీటు వేశారు, కోర్టు నాన్ బెయిలబుల్ వారెంటు ఇచ్చింది. ఆ వారెంటు కాపీ మేమే అమెరికా ఎంబసీకి పంపితే పట్టిస్తారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పట్టించరమ్మా. నేరస్థుల అప్పగింత ప్రభుత్వాల మధ్య వ్యవహారం. పోలీసులు కట్టిన ఫైలు రాష్ట్ర హోంశాఖ, కేంద్ర హోంశాఖ దాటి విదేశాంగశాఖకు చేరాలి. అమెరికాను అడగాల్సింది వాళ్లు. ఇంటర్‌పోల్ ద్వారా దేశాలన్నిటికీ పంపే రెడ్ కార్నర్ నోటీసు వచ్చినా, దాని ఒక్కదాని మీద అక్కడ అరెస్టు చెయ్యరు.

మనకూ అమెరికాకూ 1997లో ఒప్పందం కుదిరింది. నేరం రెండు దేశాల్లోనూ ఏడాదికి మించి శిక్ష పడేదై ఉండాలి. చీటింగుకు ఆ ఇబ్బంది లేదు. వారెంటు, చార్జిషీటు కాపీలు, కేసు పూర్వాపరాలు, సెక్షన్ల పాఠం జతచేస్తారు. ఇవి పోలీసులు చూసుకుంటారు. తెలుగు వాంగ్మూలాలన్నీ ఇంగ్లిషులోకి మారాలి. ఢిల్లీలోని అమెరికా ఎంబసీ ధ్రువీకరణా కావాలి.

కేసు నిలబడేదీ పడిపోయేదీ సాక్ష్యం దగ్గర. అక్కడి జడ్జి మన సాక్షుల్ని పిలిపించడు, కాగితాలు చూసే తేలుస్తాడు. వ్యాపారం మునిగి డబ్బివ్వలేకపోవడం చీటింగ్ కాదని నిందితుడి లాయరు తప్పకుండా వాదిస్తాడు. కాబట్టి మోసం చెయ్యాలనే మీ దగ్గర డబ్బు తీసుకున్నాడని కనబడాలి. ఇల్లు అమ్మేసిన తర్వాత కూడా వాయిదాలు కట్టించుకున్నాడా? అయితే ఆ సేల్‌డీడు తేదీ, మీరు కట్టిన రసీదు తేదీ పక్కపక్కన పెట్టండి. పది వాంగ్మూలాలకన్నా అదే గట్టిది. పాస్‌బుక్కులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అసలువేనని ధ్రువీకరించే సర్టిఫికెట్‌తో వాట్సాప్ మెసేజీలు దర్యాప్తు అధికారికి ఇవ్వండి. మనిషి అతనేనని తేల్చడానికి ఫొటో, పాస్‌పోర్టు నంబరు, ఇప్పటి చిరునామా ఉండాలి. ఫొటో చూసి గుర్తుపట్టినట్టు ఒకరిద్దరు వాంగ్మూలం ఇస్తే మంచిది.

ఇంకో మాట. ఏ నేరాలకు అప్పగించారో వాటికే ఇక్కడ విచారణ. అమెరికా ఒప్పుకోకుండా, అతను వచ్చాక పాత నేరాలకు కొత్త సెక్షన్లు కలపడం సాధారణంగా కుదరదు. నమ్మకద్రోహం సెక్షన్లు చార్జిషీటులో ఉన్నాయో లేదో మీ లాయరుతో ఇప్పుడే చూపించుకోండి.

అతణ్ని రప్పించినంత మాత్రాన డబ్బు రాదు. దానికి సివిల్ దావా వేరే వెయ్యాలి. దావాకున్న మూడేళ్ల గడువు దాటిపోయిందని వదిలెయ్యకండి. ప్రతివాది దేశంలో లేని కాలాన్ని లిమిటేషన్ చట్టం 15(5) కింద మినహాయిస్తారు. అతని పేర ఇంకా పొలమో స్థలమో మిగిలి ఉంటే, తీర్పుకు ముందే జప్తు కోరుతూ దావాతోపాటే పిటిషన్ వెయ్యండి.