‘తెలుగు’లో అక్షరాలు మూడా, ఆరా, పంతొమ్మిదా?

సందేహం: ఒడిశాలోని పర్లాకిమిడిలో మేం కొందరం పిల్లల కోసం గళ్ల నుడికట్లు తయారుచేస్తుంటాం. మాట పంపితే ఎన్ని గళ్లు కావాలో చెప్పేలా ఒక షెల్ స్క్రిప్టు రాసి వెబ్ సర్వీసుగా పెట్టాను. డేటా పంపుకునే ఒక రూపమైన జేసన్‌లో ‘తెలుగు’ అని పంపితే, దాన్ని చదివే జేక్యూ అనే ప్రోగ్రాములో లెంగ్త్ (పొడవు) 6 అంటోంది. దాన్నే ‘అక్షరాలు’ అనే పేరుతో తిరిగి పంపుతున్నాను. అదే మాటను జేక్యూ -ఆర్‌తో తీసి క్యారెక్టర్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ -ఎం ఆదేశానికి ఇస్తే టెర్మినల్‌లో 7, సర్వీసులో 19. ఒడియాలో రాసి పంపినా ఇవే అంకెలు. బడిలో చెప్పింది మూడే కదండీ! ఏది నమ్మాలి?

సమాధానం: బడిలో చెప్పిందే నమ్మండి.

జేక్యూ లెక్కపెట్టేది యూనికోడ్ సంకేతాలను, అంటే కంప్యూటర్‌లో హల్లుకూ గుణింతపు గుర్తుకూ విడివిడిగా ఉండే సంఖ్యలను. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: ఆరు. ఏడోది మాట చివర అదే చేర్చే కొత్త వరుస గుర్తు; -ఆర్ బదులు -జే వాడితే రాదు. ఇక 19 సంగతి. వెబ్ సర్వర్ నడిపే స్క్రిప్టుకు మీ టెర్మినల్‌లోని లొకేల్ సెట్టింగ్ (ఏ భాష, ఏ ఎన్‌కోడింగ్ అని చెప్పేది) సాధారణంగా అందదు. అప్పుడు డబ్ల్యూసీకి కనిపించేవి బైట్లే. సంకేతాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటీ మూడు బైట్లు. ఆరు మూళ్లు పద్దెనిమిది, కొత్త వరుసతో పంతొమ్మిది. ఒడియాకూ మూడేసి బైట్లే. యూనికోడ్‌లో రెండు లిపుల పట్టికల వరసా ఒకటే: మన త 0సి24 అయితే వాళ్ల త 0బి24.

ఆ ఆరును చూసి వర్ణాలనుకునేరు! త్-ఎ-ల్-ఉ-గ్-ఉ, వర్ణాలూ ఆరే, కానీ అది కాకతాళీయం. ‘కమల’ పంపి చూడండి. వర్ణాలు ఆరు, జేక్యూ మాత్రం 3 అంటుంది, అకారానికి విడిగా సంకేతం లేదు గనక. మీ ఊరి పేరు ఇంకా తమాషా. ‘ప’లోని అకారం లెక్కకు రాదు, ‘ర్లా’లో దాగిన పొల్లు వస్తుంది, చెల్లుకు చెల్లు, మళ్లీ పదకొండుకు పదకొండు. చిన్నయసూరి తెలుగుకు ముప్పై ఆరన్నదీ వర్ణాలనే. అక్షరం వేరు. అచ్చు పలికిన చోటల్లా ఒక అక్షరం, దాని ముందున్న హల్లులన్నీ దానివే. ప-ర్లా-కి-మి-డి, అయిదు.

గళ్ల కోసమైతే హల్లులూ విడి అచ్చులూ కలిపి, అందులోంచి, వెంటనే తర్వాత హల్లున్న పొల్లులను తీసేయండి. గుణింతాలు, సున్నా, విసర్గ లెక్కలోకి రావు. పర్లాకిమిడికి ఆరులో ఒకటి పోయి అయిదు. ‘గుణుపూర్’ చివరి పొల్లు తర్వాత హల్లు లేదు, కాబట్టి నాలుగు. నుడికట్టులో ‘ర్’కు విడి గడి ఇవ్వడం మామూలే. పద్యంలో అయితే ‘పూర్’ అంతా కలిసి ఒకే గురువు, అక్కడ మూడే. పిల్లలు తప్పకుండా అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

ఆరును పంపడం మానలేకపోతే దాని పేరైనా ‘సంకేతాలు’ అని మార్చండి. తెలుగు పేర్లకు జేసన్ అడ్డు చెప్పదు. జేక్యూలో మాత్రం చుక్క తర్వాత ఆ పేరును కొటేషన్లలో పెట్టాలి.