ఎవరి బహుమతి వారి వేళకు విప్పితే సరి

మీరు అడిగింది ఇది: క్రిస్మస్‌కు మీ అత్తగారింట్లో డిసెంబరు 24 రాత్రి పన్నెండు కొట్టగానే బహుమతులు విప్పేస్తారు, మీ పుట్టింట్లో 25న ఆరాధన ముగిసి ఇంటికి వచ్చేదాకా ఎవరూ ముట్టరు. ఈసారి ఇరువైపుల వారూ చెన్నైలో మీ ఇంటికే వస్తున్నారు, నాలుగేళ్ల పాప ఉంది, ఏ పద్ధతి పాటించాలి? నా మాట వింటే రెండూ పాటించండి. ఎవరు ఇచ్చిన బహుమతిని వారింటి ఆనవాయితీ ప్రకారం, వారు ఎదురుగా ఉండగా విప్పించండి. మా ఇంట్లో చాలా ఏళ్లుగా ఇదే నడుస్తోంది. ఇది ఎలా కుదిరిందో చెబుతాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

మా నాన్న గూడూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి చెన్నై పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో చేరారు. నేను పెరిగింది అక్కడే. నా చిన్నతనంలో రంగు కాగితం చుట్టిన బహుమతి అన్నదే మా ఇంట్లో లేదు. పండుగంటే కొత్త బట్టలు. వాటిని దాచిపెట్టి చివర్లో చూపించి ఆశ్చర్యపరచడం కుదిరే పని కాదు. బట్ట ఎంచేటప్పుడు మేమే ఉంటాం, కొలతలు ఇచ్చేటప్పుడూ మేమే ఉంటాం, 23 రాత్రి దర్జీ కొట్టు ముందు ‘ఇంకో గంట ఆగు పాపా’ అనిపించుకుంటూ నిలబడేదీ మేమే. సండే స్కూలు వాళ్లు చర్చిలో క్రిస్మస్ చెట్టు పెట్టి పిల్లలందరికీ పొట్లాలు పంచేవారు. కాస్త బూందీ, ఒక కమలాపండు, ఒక పెన్సిలు. అది ఎప్పుడు విప్పాలన్న చర్చే లేదు, మెట్లు దిగేలోపే బూందీ అయిపోయేది.

పెట్టెలు, రిబ్బన్లు మేం మొదట చూసింది ఎదురింటి ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో. వాళ్లు 24 అర్ధరాత్రి పూజకు వెళ్లి వచ్చి పడుకొని, 25 పొద్దున లేవగానే రాత్రి దుస్తుల్లోనే చెట్టు చుట్టూ కూర్చొని ఒక్కొక్కటీ విప్పుకునేవారు. అమ్మ పంపిన అరిసెల పళ్లెం పట్టుకొని మేం గుమ్మంలో నిలబడి చూసేవాళ్లం. తిరుగు పళ్లెంలో వాళ్లు కల్‌కల్స్ పెట్టి ఇచ్చేవారు. అవి అచ్చం మన గవ్వలే, పాకం కాస్త తక్కువ. ఆ ఇంటిని చూసే మా అమ్మకూ సరదా పుట్టింది. చెన్నైలోని ప్యారిస్ కార్నర్ బజారు నుంచి రంగు కాగితాలు తెప్పించి, ఇంటి ఖర్చుల్లో మిగిల్చిన డబ్బుతో మా ముగ్గురికీ ఏదో ఒకటి చుట్టిపెట్టడం మొదలుపెట్టింది. దానితోపాటే ‘ఎప్పుడు’ అన్న తగాదా కూడా ఇంట్లోకి వచ్చింది.

అమ్మమ్మ తీర్పు స్పష్టం: ఆరాధన కాకముందు ఏదీ విప్పకూడదు. ప్రభువు పుట్టినరోజున ముందు మన పెట్టెలేమిటి అనేది ఆవిడ ప్రశ్న. మాకు అది అన్యాయంగా తోచేది కానీ, ఆ నియమంలో ఎంత లౌక్యం ఉందో ఒక ఏడాది తేలిపోయింది. మా పిన్ని కొడుకు తెల్లవారకముందే తన పెట్టె చించేసి, లోపలున్న బ్యాటరీ పోలీసు కారును చొక్కాలో దాచుకొని చర్చికి తెచ్చాడు. పాస్టరు అయ్యగారి ప్రసంగం గొర్రెల కాపరుల దాకా వచ్చింది, దూత ప్రత్యక్షమయ్యాడు, సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. ఆపే మీట ఎక్కడుందో వాడికింకా తెలియదు. పిన్ని వాణ్ణి చంకనేసుకొని బయటికి పరుగెత్తుతుంటే చొక్కా లోపల ఎర్రదీపం వెలిగి ఆరుతూనే ఉంది. ఆ తర్వాత అమ్మమ్మ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

అయితే ‘ఆరాధన తర్వాత’ అన్నంత మాత్రాన వేళ తేలదు. మా తెలుగు సంఘంలో ఆరాధన తెల్లవారుజామున మొదలై బాగా ఎండెక్కాక ముగిసేది. ఇంటికి రాగానే మేం పెట్టెల మీద పడేవాళ్లం. అమ్మ మాత్రం కొత్త చీర మార్చుకొని నేరుగా వంటింట్లోకి వెళ్లేది. మాంసం ఉడకాలి, బియ్యం నానాలి, ఇరుగుపొరుగుకు పంపే పళ్లేలు సర్దాలి. మేం ముందు గదిలోంచి ‘అమ్మా, రంగు పెన్సిళ్లు!’ అని అరిస్తే కుక్కరు కూతల మధ్య నుంచి ‘బాగున్నాయా?’ అని వినిపించేది. నెలల తరబడి డబ్బు దాచి, మేం నిద్రపోయాక కూర్చొని చుట్టిన మనిషి, మా ముఖాలు చూడకుండానే పండుగ గడిచిపోయేది.

దీన్ని పట్టించుకున్నది నాన్న. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఒక క్రిస్మస్‌కు పెట్టెలన్నీ ఎత్తి బీరువా మీద పెట్టి, ‘మీ అమ్మ భోంచేసి చెయ్యి కడుక్కున్నాక’ అన్నారు. మా ఇంటి ముహూర్తం అలా ఖాయమైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ చాప మీద కాళ్లు చాపుకొని కూర్చునేది, అప్పుడు మొదలు. తన వంతు వస్తే బొటనవేలి గోటితో టేపు అంచు లేపి, కాగితం చిరగకుండా విడదీసి, నాలుగు మడతలు పెట్టి పరుపు కింద దాచేది. మరుసటి ఏడు మా నోటు పుస్తకాలకు అట్టలు అవే. మడత పూర్తయితే తప్ప లోపల ఏముందో చూసేది కాదు. మా ముగ్గురికీ ప్రాణం పోయేది.

తర్వాత నేను కోడలిగా వెళ్లింది గుంటూరు లూథరన్ల ఇంటికి. అక్కడ 24 రాత్రి క్యారల్స్ పాడేవాళ్లు వచ్చి టీ తాగి వెళ్లాక కూడా ఇంటిల్లిపాదీ మేలుకొని ఉండి, పన్నెండు కాగానే ప్రార్థన చేసి విప్పేస్తారు. 25 పొద్దుటికి కాగితాలు ఊడ్చేసి ఉంటాయి. ఇది జర్మనీ పద్ధతి అనీ, 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ కాలం నుంచీ ఉన్నదనీ మా మామయ్య ఘంటాపథంగా చెబుతారు. రుజువేమిటి అని అడిగితే, హయ్యర్ పుట్టింది జర్మనీలోనే కదా అంటారు. మామయ్యతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

జర్మనీలోనూ, డెన్మార్క్, స్వీడన్, నార్వేల్లోనూ ఈనాటికీ 24 సాయంత్రమే విప్పుతారన్నది మాత్రం నిజం. పోలండులో ఆకాశంలో మొదటి చుక్క కనిపించాకే విందుకు కూర్చుంటారు, ఆ తర్వాత బహుమతులు. ఆదికాండంలో రోజు అస్తమయంతో మొదలవుతుంది, ఆ లెక్కన 24 పొద్దుగుంకగానే పండుగ వచ్చేసినట్టే. బ్రిటన్, అమెరికాల్లో ఎక్కువమందికి 25 ఉదయం. కానీ బ్రిటిష్ రాజకుటుంబం మాత్రం జర్మన్ పూర్వీకుల అలవాటు ప్రకారం 24నే విప్పుతుంది. నెదర్లాండ్స్‌లో చాలా ఇళ్లలో డిసెంబరు 5 రాత్రే ఈ వేడుక అయిపోతుంది. స్పెయిన్ పిల్లలు జ్ఞానుల పండుగ, అంటే జనవరి 6 దాకా ఎదురుచూస్తారు. మన చెన్నై ప్యారిస్‌లో ఆర్మేనియన్ వీధి ఉంది కదా, ఆ ఆర్మేనియన్ల చర్చి అసలు క్రీస్తు జననాన్నే జనవరి 6న జరుపుతుంది. కాబట్టి మీ అత్తగారిది సరైన పద్ధతా, మీ అమ్మగారిదా అని తేల్చే పని పెట్టుకోకండి. ఎవరిని అడిగినా వారిదే సరైనది.

పెళ్లయిన కొత్తలో మా అమ్మ పంపిన పెట్టె కూడా గుంటూరులో అర్ధరాత్రే విప్పాల్సి వచ్చింది. లోపల నాకు చీర, మా వారికి చేతి గడియారం. అందరూ బాగున్నాయన్నారు. అమ్మేమో పెరంబూరులో నిద్రపోతోంది. నా ముఖం చూసి మా వారే అన్నారు, మీ అమ్మ ఇచ్చేవి ఇకమీదట ఆవిడ ఎదుటే విప్పుదామని. అత్తయ్య ఏమంటారో అని నాకు బెరుకు. మామయ్య మాత్రం లేచి వెళ్లి బైబిలు తెచ్చి మత్తయి సువార్త రెండో అధ్యాయం తీశారు. జ్ఞానులు ఇంట్లోకి వచ్చి తమ పెట్టెలు విప్పి బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పించారని ఉంటుంది. ‘చూడండి, విప్పింది తెచ్చినవాళ్లే. వాళ్లు వచ్చినప్పుడే విప్పారు’ అన్నారు. ఈసారి ఆయన్ను రుజువు అడగాల్సిన అవసరం రాలేదు.

అప్పటి నుంచి అత్తామామల బహుమతులు 24 రాత్రి, అమ్మానాన్నలవి 25 మధ్యాహ్నం భోజనాలయ్యాక. మా ఆడపడుచు న్యూజెర్సీకి వెళ్లాక మూడో వేళ కలిసింది. వాళ్లకు 25 పొద్దున ఎనిమిదంటే మనకు సాయంత్రం ఆరున్నర. ఆమె పంపిన పెట్టె అప్పటిదాకా ఆగుతుంది, ఫోనులో ఆమె చూస్తుండగా విప్పుతాం. మేం పంపినది వాళ్లూ అప్పుడే విప్పుతారు. ఇలా విడివిడిగా విప్పడంలో నేను అనుకోని లాభం ఇంకొకటి ఉంది. అటు తాతయ్య సైకిలు కొన్నారు, ఇటు తాతయ్య బొమ్మల పుస్తకం తెచ్చారు అనుకోండి. రెండూ పక్కపక్కన విప్పితే పుస్తకం ఓడిపోతుంది, తెచ్చిన మనిషి చిన్నబోతాడు. మధ్యలో ఒక పూట గడిస్తే దేని ముచ్చట దానిదే. మా పిల్లలు కూడా ఒక బొమ్మతో తనివితీరా ఆడుకున్నాకే రెండోదాని జోలికి వెళ్లేవారు.

ఇక మీ ఇంటి సంగతి. నాలుగేళ్ల పాప పన్నెండు దాకా మేలుకోలేదు, నిద్రలేపి కూర్చోబెడితే ఫొటోల్లో ఏడుపు ముఖమే మిగులుతుంది. క్యారల్స్ వాళ్లు వచ్చేలోపే, ఏ ఏడున్నరకో, మీ అత్తమామల చేత ప్రార్థన చేయించి వారి బహుమతులు విప్పించండి. పన్నెండు కాలేదని వారంటే పైన చెప్పిన అస్తమయం లెక్క చెప్పండి, లూథరన్లయితే తప్పకుండా ఒప్పుకుంటారు. ఈ మాట మీ వారిచేత చెప్పించండి, అది కూడా నవంబరులోనే. మీ అమ్మగారికి మీరు చెప్పండి. అటు కబురు మీరు, ఇటు కబురు ఆయన మోస్తే చిన్న విషయం కూడా పెద్దదవుతుంది.

25న ‘ఆరాధన తర్వాత’ అన్నప్పుడు మాత్రం వంటింట్లో ఎవరున్నారో చూసుకోండి. ఇద్దరు పెద్దావిడలూ మీ ఇంట్లోనే ఉంటే ఇద్దరూ పొయ్యి దగ్గరే ఉంటారు. వాళ్లు బయటికి వచ్చి కూర్చున్నాకే పాప చేతికి పెట్టె ఇవ్వండి. అప్పటిదాకా పాపకు పళ్లేలు పంచే పని అప్పజెప్పండి. కింది అంతస్తుకు, పక్కింటికి నాన్న చెయ్యి పట్టుకొని వెళ్లి ఇచ్చి రావడంలోనే సగం ఓపిక గడిచిపోతుంది. వంట మగవాళ్లు చేస్తే మరీ మంచిది. మా వారు బిర్యానీ నేర్చుకున్న ఏడు మా ముహూర్తం గంటసేపు ముందుకు జరిగింది.

క్రిస్మస్ తాత గురించి మీరు అడగలేదు కానీ, బడిలో ఆ కథ ఎలాగూ వినే వస్తుంది. ఆయన పేరు మీద పెట్టే చాక్లెట్లను పొద్దున లేవగానే విప్పనివ్వండి, ఆయన ఎదురుగా కూర్చొని చూసేది లేదు కదా. ఇంట్లో పనికి వచ్చే ఆవిడకు పెట్టే చీరను కూడా ఈ లెక్కల్లో కలపకండి, డిసెంబరు మొదటి వారంలోనే ఇచ్చేయండి. మా ఇంటికి వచ్చే ఆవిడ పెరంబూరు లూర్దుమాత గుడికి వెళ్తుంది. 24 సాయంత్రం చీర చేతిలో పెడితే జాకెట్టు ఎప్పుడు కుట్టించుకుంటుంది?

ఇంకొకటి. బ్యాటరీలు 23నే కొని పెట్టుకోండి, చిన్న స్క్రూడ్రైవరు కూడా. ఇప్పటి బొమ్మల్లో చాలావాటికి బ్యాటరీ మూతకు మర బిగించి ఉంటుంది. స్క్రూడ్రైవరు లేకపోతే పండుగ పూట పక్కింటి తలుపు కొట్టాల్సి వస్తుంది.