ఔలులో మంచు మీద సైకిల్ తొక్కాలంటే: బెంగుళూరులో బయల్దేరే ముందే తెలుసుకోవాల్సినవి

మీరు మారతహళ్ళి నుంచి జనవరిలో ఫిన్లాండ్‌లోని ఔలుకి వెళ్తున్నారు, ఇంటికీ ఆఫీసుకీ ఆరు కిలోమీటర్లు, అక్కడ మంచులో కూడా సైకిలే తొక్కుతారని విన్నారు. ఆ చలిలో అది మనవాళ్ళకి సాధ్యమేనా, ఇక్కడి సైకిల్ పట్టుకెళ్ళాలా, ఏమేం కొనాలి అని అడిగారు.

సాధ్యమే. నాలుగు చలికాలాలు అక్కడ సైకిల్ మీదే ఆఫీసుకి వెళ్ళాను, ఆ అనుభవంతోనే రాస్తున్నాను. చలికాలపు సైక్లింగ్ మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో జరిగింది ఆ ఊళ్ళోనే. సైకిల్ దారులు కార్ల రోడ్లకి దూరంగా వేరే ఉంటాయి. పెద్ద రోడ్డు దాటాల్సిన చోట చాలా వరకు కింద నుంచి అండర్‌పాస్ ఉంటుంది. మంచు పడితే ముఖ్యమైన దారుల్ని బండ్లతో తోసి, మిగిలిన పొర మీద సన్న కంకర చల్లుతారు.

మీ ప్రశ్నలో భయమంతా చలి గురించే ఉంది. బెంగుళూరులో ఇప్పటిదాకా నమోదైన కనిష్ఠం 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. ఔలులో జనవరి సగటే మైనస్ 10 దగ్గర ఉంటుంది కాబట్టి భయం సహజం. కానీ మైనస్ 15లో తొక్కుడుపడిన మంచు గట్టిగా, గరగరమంటూ చక్రానికి పట్టునిస్తుంది. మీరు భయపడాల్సింది సున్నాకి అటూ ఇటూ ఊగే రోజులకి. పగలు కరిగిన నీరు సాయంత్రానికి అద్దంలా గడ్డకడుతుంది, దాని మీద పల్చటి తడి ఉంటే ఇంకా ఘోరం. ఎండాకాలంలో మొదటి వాన పడగానే ఔటర్ రింగ్ రోడ్డు మీద నూనె తేలి బైకులు జారడం చూసే ఉంటారు. దానికి ఎన్నో రెట్లనుకోండి. పొద్దున్నే ఎంత చలి ఉందనే దానికంటే నిన్న సున్నా దాటిందా అన్నది చూసుకోండి.

డబ్బు ముందు టైర్ల మీద పెట్టండి, జాకెట్టు తర్వాత. స్టడ్ టైర్లంటే రబ్బరులో చిన్న చిన్న మేకులు దిగ్గొట్టినవి. మేకు మొన టంగ్‌స్టన్ కార్బైడ్‌ది అయితేనే కొనండి, మామూలు ఉక్కువి ఉత్త తారు మీద తొందరగా అరిగిపోతాయి. సుయోమి కంపెనీ టైర్ల పేర్లలోనే లెక్క ఉంటుంది: డబ్ల్యూ106 అంటే 106 మేకులు, డబ్ల్యూ240 అంటే 240. రోజూ తోసే దారులకి మొదటిది సరిపోతుంది. గాడులు పడి గడ్డకట్టిన సందుల్లో వెళ్ళాలంటే రెండోది కావాలి, ఎందుకంటే చక్రం గాడి అంచెక్కినప్పుడు పట్టుకునేది పక్క వరసల మేకులే. ఒక్క టైరుకే డబ్బులుంటే ముందు చక్రానికి వేయండి. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే సర్దుకునే వ్యవధి ఉండదు. కొత్తవి వేశాక మొదటి 40 కిలోమీటర్లు గట్టి బ్రేకులూ, ఒక్కసారిగా లాగడాలూ లేకుండా తారు మీద నడిపితే మేకులు రబ్బరులో బాగా కూర్చుంటాయి, ఊడవు.

ఇక్కడి సైకిల్ తీసుకెళ్ళొద్దనే నా సలహా. ముఖ్యంగా 28 × 1½ చక్రాల పాతకాలం సైకిల్ అయితే అసలే వద్దు. దాని రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు, స్టడ్ టైర్లలో ఎక్కువ రకాలు 622కి వస్తాయి. ఆ అంకె టైరు పక్కన 37-622 లాగా రాసి ఉంటుంది, రెండోది కలవాలి. మీది రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే హైబ్రిడ్ సైకిల్ అయి, 622దే అయినా టైరుకీ మడ్గార్డుకీ మధ్య వేలు దూరేంత సందు లేకపోతే మంచు ఇరుక్కుని చక్రం బిగుసుకుపోతుంది. అక్కడే ఒక సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనుక్కోండి. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకున్నది దొరికితే వదలొద్దు. ఆ బ్రేకు చక్రం మధ్యలోని హబ్బు లోపలే ఉంటుంది కాబట్టి మంచు అంటదు.

గాలి విషయంలో చాలామంది మోసపోతారు. ఇంట్లో 20 డిగ్రీల దగ్గర 40 పీఎస్‌ఐ కొట్టి మైనస్ 20లోకి తీసుకెళ్తే అది దాదాపు 32కి పడిపోతుంది. పంక్చర్ కాదు, చలికి గాలి ఒత్తిడి తగ్గిందంతే. బయటే కాసేపు ఉంచి, అప్పుడు కొలవండి.

నడపడంలో ఒకటే సూత్రం: ఒకసారికి ఒకటే పని. బ్రేకు వేస్తే సైకిల్ నిటారుగా ఉండాలి, మలుపులో బ్రేకు వద్దు. వేగం మలుపుకి ముందే తగ్గించుకోవాలి, అదీ వెనక బ్రేకుతో. తళతళలాడే చోటు కంటే గరుకుగా కనిపించే అంచే మేలు. పంచదారలా పొడిపొడిగా ఉన్న మంచు వస్తే చిన్న గేరు వేసి, బరువు వెనక్కి పెట్టి, హ్యాండిల్‌ని వదులుగా పట్టుకుని తొక్కుతూనే ఉండాలి. బిగబట్టి తిప్పబోతేనే పడతారు. సీటు రెండు సెంటీమీటర్లు దించుకోండి. ఇంకో మాట: టైర్లకి మేకులున్నాయి గానీ మీ బూట్లకి లేవు. కొత్తవాళ్ళు ఎక్కువగా పడేది ఆగి కాలు కింద పెట్టినప్పుడే. పాదం మొత్తం ఆనేలా, సైకిల్‌కి దగ్గరగా పెట్టండి.

ఇక బండి లోపలికి చేరే తడి. వెచ్చటి గదిలో పెడితే మంచు కరిగి బ్రేకు వైర్ల తొడుగుల్లోకీ ఫ్రీవీల్లోకీ దిగుతుంది. పొద్దున మళ్ళీ బయటికి రాగానే గడ్డకడుతుంది. వైరు లాగితే కదలదు, పెడల్ తొక్కితే చక్రం తిరక్కుండా గాల్లో తిరిగినట్టు తిరుగుతుంది. ఫ్రీవీల్ లోపల టిక్ టిక్‌మనే చిన్న పళ్ళు పైకి లేవకపోవడమే కారణం. గట్టి గ్రీజు వేసినా ఇదే జరుగుతుంది, అక్కడ పల్చటి నూనే వాడాలి. వేణ్ణీళ్ళు మాత్రం పొయ్యొద్దు, ఆ నీరే మళ్ళీ బిగుస్తుంది. బండి ఎప్పుడూ చలి షెడ్డులోనే ఉంచండి, లేదా లోపలికి తెస్తే పూర్తిగా ఆరేదాకా బయటికి తీయకండి. రెండింటి మధ్య ఊగించొద్దు. తాళంలో ముందే రెండు చుక్కల నూనె వేయండి. ఎలక్ట్రిక్ సైకిల్ అయితే బ్యాటరీ మాత్రం రోజూ ఇంట్లోకి తెచ్చుకోవాలి. సున్నా కంటే తక్కువలో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా పాడవుతుంది. గది వేడికి వచ్చాకే ప్లగ్ పెట్టండి.

బట్టల గురించి అంత కంగారు అక్కర్లేదు. మైనస్ 10లో గంటకి 20 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 18లా ఉంటుంది. అయినా తొక్కుతుంటే ఒళ్ళు వేడెక్కుతుంది. బయల్దేరినప్పుడు కొంచెం వణుకుతుంటేనే సరైన బట్టలు వేసుకున్నట్టు. చెమట పడితే ఆగిన క్షణమే అది చల్లబడి మిమ్మల్ని పట్టుకుంటుంది. ఒంటికి ఆనే పొర ఉన్నిది ఉండాలి, కాటన్ బనీను వద్దు. పైన గాలి ఆపే పల్చటి జాకెట్టు చాలు. చేతులకి వేళ్ళు విడివిడిగా ఉన్నవాటి కంటే అన్నీ ఒకే సంచిలో పట్టేవి మేలు. బూట్లు ఒక సైజు పెద్దవి కొనండి. రెండు జతల సాక్సులు బిగించి తొడిగితే రక్తం ఆడక వేళ్ళు ఇంకా గడ్డకడతాయి. హెల్మెట్ కింద పట్టే పల్చటి మంకీ టోపీ ఇక్కడి నుంచే పట్టుకెళ్ళండి. లైట్లు ముందూ వెనకా తప్పనిసరి. డిసెంబరు చివర్లో పగలు మూడున్నర గంటలే.

వెళ్ళేలోపు మీకు ఇంకా వారాలున్నాయి కదా. గట్టి నేల మీద వదులు కంకర పరుచుకున్న ఖాళీ స్థలం వెతుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, నెమ్మదిగా పోతూ వెనక బ్రేకు పూర్తిగా నొక్కి చక్రం ఈడ్చుకుపోయేలా చేయండి. వెనక భాగం పక్కకి తిరుగుతుంటే బ్రేకు వదిలేసి తొక్కుతూ నిటారుకి రావడం ఇరవై ముప్ఫై సార్లు చేస్తే, కంగారులో చెయ్యి బ్రేకు మీదే బిగుసుకుపోయే అలవాటు పోతుంది. ముందు బ్రేకుతో మాత్రం ఈ సాధన చేయకండి.