దొరదొంగ అనవచ్చునా?

సందేహం: బాగా చదువుకుని, మర్యాదగా మెలుగుతూ, కలవారి ఇళ్లు దోచే దొంగల పాతకథలు చదవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? అటువంటివాణ్ణి తెలుగులో 'గజదొంగ' అనాలా, 'దొరదొంగ' అనవచ్చునా? – ఒక పాఠకురాలు

సమాధానం: 'గజదొంగ' వద్దమ్మా. 'గజఈతగాడు'లో లాగే అక్కడ 'గజ' ఆరితేరినతనాన్ని చెబుతుంది, మర్యాదను చెప్పదు. పైగా రెండు సైకిళ్లు ఎత్తుకుపోయినవాణ్ణి కూడా గజదొంగ అని రాసి ఈనాటివారు ఆ మాటను పలుచన చేశారు. 'జెంటిల్మన్ దొంగ' అనేవారి మీద నాకు ఇంకా కోపం. 'దొరికితే దొంగ, దొరకకపోతే దొర' అని సామెత కట్టుకున్న జాతికి మాట కరువా? 'దొరదొంగ' నాకు నచ్చింది. దొర అయిన దొంగ, దొరలను దోచే దొంగ – విగ్రహవాక్యం (సమాసాన్ని విడదీసి చెప్పే మాట) ఎలా చెప్పినా అర్థం చెడదు. అయితే మాట ఇంకా నలగాలి. మొదటిసారి వాడేచోట ఒక ముక్క వివరణ ఇవ్వడం మేలు.

ఇక చదువు సంగతి. పారిస్‌కూ లండన్‌కూ తర్వాత వెళ్లవచ్చు, ముందు శూద్రకుని సంస్కృత నాటకం మృచ్ఛకటికం మూడో అంకం తెరవండి. తిరుపతి వేంకటకవుల తెలుగుసేత ఉంది. శర్విలకుడు నాలుగు వేదాలు తెలిసి, దానం పట్టని బ్రాహ్మణుని కొడుకు. మనసుపడ్డ మదనికను దాస్యం నుంచి విడిపించడానికి అతనికి డబ్బు కావాలి. అర్ధరాత్రి నాటక నాయకుడు చారుదత్తుని ఇంటి గోడ దగ్గర నిలబడి చోరశాస్త్రం వల్లిస్తాడు. కాల్చిన ఇటుకలైతే ఊడబెరకాలి, పచ్చి ఇటుకలైతే కోయాలి, మట్టిగోడైతే తడపాలి, కొయ్యదైతే చీల్చాలి. కన్నానికి ఆకారాలు ఏడు: విచ్చిన తామర, సూర్యబింబం, నెలవంక, దిగుడుబావి, విస్తీర్ణం, స్వస్తికం, పూర్ణకుంభం. ఈ గోడ కాల్చిన ఇటుకలది, దీనికి పూర్ణకుంభమే శోభ అని తేల్చుకుంటాడు. తెల్లవారి ఇరుగుపొరుగు తన తప్పును ఎత్తిచూపుతూనే పనితనాన్ని మెచ్చుకోవాలని అతని కోరిక!

తీరా చూస్తే కొలతాడు తేవడం మరిచాడు. జంధ్యం తీసి గోడ కొలుస్తూ "యజ్ఞోపవీతం హి నామ బ్రాహ్మణస్య మహదుపకరణద్రవ్యమ్, విశేషతోఽస్మద్విధస్య" అంటాడు. బ్రాహ్మణుడికి జంధ్యం గొప్ప పనిముట్టు, మావంటివాళ్లకు మరీనూ అని. అంతలో పాము కరిస్తే అదే జంధ్యంతో వేలికి కట్టు కడతాడు. దొంగకు తన విద్యమీద ఇంత గర్వం, దొంగతనం వెనక ఒక ప్రేమ, చేతిలో శాస్త్రం – దొరదొంగ కథకు కావలసిన సరంజామా అంతా ఈ ఒక్క రంగంలో ఉంది. దీన్ని చదవకుండా ఫ్రెంచి దొంగ ఆర్సెన్ లుపాఁను ఆకాశానికి ఎత్తేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితంలో అపహారవర్మ కథ కూడా చూడండి. చంపానగరంలోని లోభులకు సంపద నిలవదని తెలియజెప్పడానికే కన్నాలు వేస్తాడు. 13వ శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు.

ఆ తర్వాత లుపాఁను సృష్టించిన ఫ్రెంచి రచయిత మారిస్ లెబ్లాఁ. లుపాఁ మొదటి కథ 1905లో ఒక ఫ్రెంచి పత్రికలో వచ్చింది, తొలి సంపుటి 1907లో. అందులో మొదటి మూడు కథల వరుస తప్పించవద్దు. మొదటిదానిలోనే లుపాఁ పట్టుబడతాడు, రెండోదానిలో జైల్లో ఉంటూనే ఒక బారన్ కోటను దోపిస్తాడు, మూడోదానిలో బయటపడతాడు. మొదటి కథ మలుపును ముందుగా ఎవరినీ అడిగి తెలుసుకోకండి. షెర్లాక్ హోమ్స్‌ను పేరు మార్చి లుపాఁతో తలపడనిచ్చిన పుస్తకం తర్వాత చదవచ్చు.

ఆంగ్ల రచయిత హోర్నంగ్ రాసిన క్రికెటర్ దొంగ రాఫిల్స్ (సంపుటి 1899) లుపాఁ కంటే ముందువాడు. హోర్నంగ్ షెర్లాక్ హోమ్స్ కథల రచయిత కానన్ డాయిల్ చెల్లెలి భర్త, పుస్తకాన్ని బావగారికే అంకితమిచ్చాడు. రాఫిల్స్‌లో చీకటి ఎక్కువ, సరసం తక్కువ. మీ రుచి తెలియదు కాబట్టి చివరికి పెట్టుకోమంటాను.