మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టా?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: యేసును నమ్మి రక్షణ పొంది తొమ్మిదేళ్లయింది. మొదట్లో మోకరిస్తే కన్నీళ్లు ఆగేవి కావు. ఏడాదిగా బైబిలు తెరిచినా ఏమీ అనిపించడం లేదు. నా విశ్వాసం చచ్చిపోయిందా? – ఒక సోదరి

జవాబు: లేదమ్మా. విశ్వాసం చచ్చిపోతే ఈ బాధే ఉండదు. మీలో తగ్గింది ఉద్వేగం. సాక్ష్యాలు విని విని ఆ రెండూ ఒకటేనని మనం అనుకుంటున్నాం. ‘నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకును’ అని హబక్కూకు ప్రవక్త రాసినచోట హీబ్రూలో ఉన్న మాట ‘ఎమునా’. అమాలేకీయులతో యుద్ధమప్పుడు గెలుపు కోసం మోషే పైకెత్తి ఉంచిన చేతులు పొద్దు గుంకేదాకా నిలకడగా ఉన్నాయని నిర్గమకాండం 17:12 చెబుతుంది. ఆ నిలకడకు వాడిందీ ఈ మాటే. నిజానికి ఆ చేతులు బరువెక్కిపోయాయి. కింద రాయి వేసి కూర్చోబెట్టారు, అహరోను ఒకపక్క, హూరు ఒకపక్క పట్టుకున్నారు. అయినా వాక్యం దాన్ని నిలకడ అనే అంది.

ముందు శరీరం సంగతి చూసుకోండి. చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత బోధ చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ నిద్రపోతే, రెండోసారి కూడా లేపి తినమనే అన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. మీరు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? ప్రార్థన ఒక్కటే కాక తిండి, పని, మనుషులు దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు దాటితే డాక్టరును కలవండి. అది ఆత్మీయ పతనం కాదు, జబ్బు కావచ్చు.

తర్వాత పద్ధతి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఒకే చోటు, ఒకే వేళ, ఫోను మాత్రం వేరే గదిలో. ఒక కీర్తన పైకి చదవండి. వినడం వల్ల విశ్వాసం కలుగుతుందని పౌలు అన్నాడు కదా, మీ చెవి మీ గొంతులోంచే వాక్యం వింటుంది. ఆపైన మార్కు సువార్తలో పన్నెండు వచనాలు. అలా చదివితే సువార్త మొత్తం సుమారు రెండు నెలల్లో పూర్తవుతుంది. చదివిన భాగంలో యేసు ఏం చేశాడో ఒక్క వాక్యం నోటుపుస్తకంలో రాయండి. చివర ముగ్గురి పేర్లు, మీ అవసరం ఒకటి చెప్పి, పరలోక ప్రార్థనతో ముగించండి.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మొదటిరోజే నాలుగు అధ్యాయాలు పెట్టుకుంటారు. ఐదో రోజు తప్పుతుంది. బాకీ తీర్చాలని ఆరో రోజు ఎనిమిది అధ్యాయాలతో కూర్చుంటారు. పదో రోజుకు బైబిలు అలమారలో ఉంటుంది. తప్పిన రోజును వదిలేయండి, ఈ రోజు భాగం ఈ రోజు చదవండి. మాటలు రాని రోజున 13వ కీర్తన తీసుకోండి. ఆరే వచనాలు. మొదటి రెంటిలో మొర, తర్వాతి రెంటిలో మనవి, చివరి రెంటిలో నమ్మకం. ఆ మూడో మెట్టుకు మనసు ఎక్కకపోతే 88వ కీర్తన ఉంది. దాని చివరి వచనంలో కూడా చీకటే. అలాంటి ప్రార్థననూ దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు.

మీకు అహరోను, హూరు కావాలి. సంఘంలో నమ్మకమైన ఒక అక్కతో ‘నాకు ప్రార్థన రావడం లేదు, వారానికి ఒకసారి నా పక్కన కూర్చుని మీరు ప్రార్థించండి’ అని అడగండి. ఇంత చిన్న మాట అడగలేక ఏళ్లతరబడి ఒంటరిగా ఎండిపోయేవాళ్లు ఎందరో ఉన్నారు.

ప్రశ్న: నాన్నగారికి షుగర్. ప్రార్థన చేయించుకున్నాక మాత్రలు వేసుకుంటే అపనమ్మకమని ఒక బోధకుడు అన్నారు. నాన్నగారు మానేసి వారమైంది. ఏం చేయమంటారు? – ఒక సోదరుడు

జవాబు: ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వాడుతున్న మాత్రల చీటీ పట్టుకెళ్లి ఏ తేదీన మానేశారో చెప్పండి. మానేసినందుకు బదులుగా మీ అంతట మీరు రెట్టింపు వేయకండి. విపరీతమైన దాహం, పదేపదే మూత్రం, వాంతులు, ఆయాసం, మగత కనిపిస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్సులిన్ తీసుకుంటున్నవారు మానేస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇక వాక్యం. చావు జబ్బుతో పడకమీద ఉన్న హిజ్కియా రాజుకు మరో పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాట ఇచ్చాడు. ఆ తర్వాత యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు (2 రాజులు 20:7). మాట, మందు రెండూ ఒకే పడక దగ్గర ఉన్నాయి. తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు పౌలు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడే గాని విశ్వాసం పెంచుకోమనలేదు. తనతో ప్రయాణించిన త్రోఫిమును జబ్బుగా ఉండగానే మిలేతులో విడిచి వచ్చాడు. తన శరీరంలోని ముల్లు అని తానే పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకుంటే పౌలుకు అందిన జవాబు ‘నా కృప నీకు చాలును’. వీళ్లందరికీ విశ్వాసం చాలలేదని ఆ బోధకుడు అనగలరా?

స్వస్థత కలిగిందని నాన్నగారు గట్టిగా నమ్ముతుంటే వాదించకండి. యేసు కుష్ఠరోగులను యాజకులకు కనబరచుకోమని పంపాడని గుర్తుచేయండి. ఆ జబ్బు పోయిందో లేదో చూసి చెప్పే పని అప్పట్లో యాజకుడిది. ‘నాన్నా, దేవుడు చేసింది రక్తపరీక్షలో కూడా కనిపిస్తుంది, చూపిద్దాం రండి’ అనండి. తగ్గి ఉంటే మాత్రలు డాక్టరే తగ్గిస్తారు.

ప్రశ్న: ఉద్యోగం మానేసి వ్యాపారంలో దిగమని దేవుడు వాగ్దానం ఇచ్చాడని మా ఆయన అంటున్నారు. లెక్కలు అడిగితే అవిశ్వాసమంటున్నారు.

జవాబు: లెక్క అడగడం మీ తప్పు కాదమ్మా. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకుంటాడని చెప్పింది యేసే (లూకా 14:28). దేవాలయ శిఖరం మీదినుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అంటూ సాతాను కూడా వాగ్దానమే చూపించాడు, 91వ కీర్తనలోంచి. యేసు దూకలేదు, దేవుణ్ణి శోధించకూడదన్నాడు.

ఇద్దరూ కూర్చుని కాగితం మీద పెట్టండి. ఆ వాగ్దానం ఏ అధ్యాయంలోది, ఎవరితో ఏ సందర్భంలో అన్నది? ఆదాయం లేకుండా ఆరు నెలలు ఇల్లు గడుస్తుందా? అప్పు తెస్తే, నష్టం వస్తే తీర్చేది ఎవరు? ‘వద్దు’ అని ముఖం మీద చెప్పగల ఇద్దరికి ఆ కాగితం చూపించారా? విగ్రహానికి మొక్కకపోతే అగ్నిగుండంలో వేస్తానని రాజు బెదిరించినప్పుడు షద్రకు, మేషాకు, అబేద్నెగోలు ‘ఒకవేళ ఆయన రక్షింపకపోయినను’ అన్నారు. ఆ మాట మీవారు వ్యాపారం గురించి కూడా అనగలరేమో అడగండి. ఇంకో సంగతి, ఆ ముగ్గురూ అగ్నిగుండాన్ని వెతుక్కుంటూ వెళ్లలేదు. పైగా పణంగా పెట్టింది తమ ప్రాణాలనే, పిల్లల తిండిని కాదు.

ప్రశ్న: కొత్త ఉద్యోగం. బిల్లులో లేని ఖర్చు రాయమంటున్నారు. చిన్న మొత్తమే.

జవాబు: రాయకండి. మొదటిసారే కాదని చెప్పడం తేలిక, ఆరోసారి చాలా కష్టం. ధర్మోపదేశం అక్కర్లేదు, ‘అయిన ఖర్చు వరకు ఇప్పుడే రాసిస్తాను’ అనండి, నిజంగానే వెంటనే రాసివ్వండి. మళ్లీ ఒత్తిడి చేస్తే ఆ ఆదేశాన్ని రాతపూర్వకంగా అడగండి. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగని చోట ఉద్యోగం పోయే ప్రమాదమూ ఉంది, అది మీ దగ్గర దాచను. ఇంట్లో ఈ రాత్రే చెప్పండి, రేపు ఏం జరిగినా వాళ్లకు అది కొత్త వార్త కాకూడదు.