సెల్ఫ్ పెద్దదైతే చాలదు: బళ్ల గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పాత ట్రాక్టరు పొద్దున్నే సెల్ఫ్ (ఇంజన్ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) కొడితే బరువుగా, ఆగి ఆగి తిరుగుతోంది. ఎక్కువ పవరున్న సెల్ఫ్ వేయించమని మెకానిక్ అంటున్నాడు. గేరు సెల్ఫ్ అని ఒకటి చూపించాడు. పాతదాంట్లో సగమే ఉంది. అంత చిన్నది డీజిల్ ఇంజన్ని తిప్పగలదా?
– ఒక రైతు, సత్తెనపల్లి

జవాబు: తిప్పగలదండీ. కానీ డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు ‘సెల్ఫ్ వీకైంది’ అంటూ వచ్చిన బళ్లలో చాలావాటికి సెల్ఫ్ బాగానే ఉండేది. దాని దాకా కరెంటే సరిగా చేరేది కాదు.

ట్రాక్టరు సెల్ఫ్ 300 ఆంపియర్లు లాగుతోందనుకోండి. కేబుల్ చివర తుప్పు, వదులైన క్లాంపు కలిసి ఓమ్‌లో వెయ్యోవంతులు ఓ మూడు అడ్డం పడినా 0.9 వోల్టు దారిలోనే పోతుంది. ఉన్న 12 వోల్టుల్లో అది చాలా ఎక్కువ. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను అందుకోకుండా స్టాప్ నాబ్ లాగి పట్టుకుని, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. మల్టీమీటరు ఒక తీగ బ్యాటరీ ప్లస్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే), రెండోది సెల్ఫ్ మీది లావు బోల్టు మీద పెట్టండి. అర వోల్టు దాటితే తప్పు కేబుల్‌దే. తర్వాత మైనస్ పోస్టుకీ సెల్ఫ్ బాడీకీ మధ్య చూడండి. అక్కడ 0.3 దాటకూడదు. ఎర్త్ వైరును పెయింటు గీకకుండా ఛాసిస్‌కి బిగించేయడం మన దగ్గర మామూలు, దొరికిపోయేది ఎక్కువగా అక్కడే. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ పోస్టుల మధ్యే తొమ్మిదిన్నర వోల్టుల కిందికి దిగుతుంటే ముందు బ్యాటరీని అనుమానించాలి.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు సెల్ఫ్ విప్పించండి, విప్పేటప్పుడు పక్కనే నిలబడండి. ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూడండి. ఇనుము మీద మెరుస్తూ గీతలు కనిపిస్తే దాని ఇరుసును పట్టి ఉంచే బుష్‌లు అరిగాయని అర్థం. ఆర్మేచర్ కుంగి, చుట్టూ ఉన్న పోల్ ముక్కలకు రాసుకుంటోందన్నమాట. కరెంటు బాగా లాగుతుంది, బలం రాదు. దీనికి కొత్త సెల్ఫ్ అక్కర్లేదు, వేళకు బుష్‌లు మారిస్తే చాలు. ఆర్మేచర్ చివర కార్బన్లు రాసుకునే కమ్యుటేటర్ రాగి పట్టీలు చాక్లెట్ రంగులో సమంగా ఉంటే మంచిదే. కొన్ని పట్టీలే నల్లగా మాడి ఉంటే లోపల వైండింగ్ (రాగి తీగ చుట్టలు) తెగిందేమో పరీక్ష చేయించాలి.

ఇక చిన్న సెల్ఫ్ సంగతి. మోటారు ఎంత పెద్దగా ఉండాలన్నది అది ఇచ్చే పవరు కంటే ఎక్కువగా దాని టార్క్ మీద, అంటే తిప్పే బలం మీద ఆధారపడుతుంది. బలం కావాలంటే రాగి, ఇనుము ఎక్కువ పట్టాలి. అదే పవరును తక్కువ బలంతో, ఎక్కువ వేగంతో తీసి, లోపలి గేర్లతో వేగాన్ని బలంగా మార్చుకుంటే మోటారు చిన్నదైపోతుంది. జాకీ హ్యాండిల్ ఎన్నో చుట్లు తిప్పితే లారీ జానెడు లేచినట్టు. పాత రకంలో ఆర్మేచర్ తిరిగినంతే బెండిక్స్ పినియను, అంటే ఇంజను చక్రం పళ్లను పట్టి తిప్పే చిన్న గేరు, తిరుగుతుంది. గేరు సెల్ఫ్‌లో ఆర్మేచర్ మూడు నాలుగు చుట్లు తిరిగితే పినియను ఒక చుట్టు తిరుగుతుంది. అమెరికాలో క్రైస్లర్ కార్లకు 1962లోనే ఇలాంటిది పెట్టారు. దాని కూత విని బండి ఏదో చెప్పేసేవారట! తర్వాత ఫీల్డ్ కాయిళ్ల బదులు అయస్కాంతాలు పెట్టి ఇంకా తేలిక చేశారు. అలాంటిది మీరు కొంటే ఒక్క జాగ్రత్త: సెల్ఫ్ ఎత్తకపోతే స్పానరుతో నాలుగు దెబ్బలేసే అలవాటు మానుకోవాలి. లోపలి ఫెర్రైట్ అయస్కాంతం పెళుసు. పగిలిందంటే ముక్కలు ఆర్మేచర్‌ని కొరికేస్తాయి.

ప్రశ్న: నేను డిప్లొమా చదువుతున్నాను. స్టార్టర్ మోటారు డిజైన్ మెరుగుపరచడం మా ప్రాజెక్టు. కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు) పూర్తిగా తీసేస్తే మంచిదని మా టీమ్ ఆలోచన. మీరేమంటారు?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఆలోచన మంచిదేనమ్మా. కానీ ఏ బండికి అన్నది ముందు తేల్చుకోండి. మామూలు కారు తన జీవితంలో ముప్పై వేలసార్లు స్టార్టయిందనుకుందాం, సారికి ఒక్క సెకను. మొత్తం కలిపితే ఎనిమిదిన్నర గంటలు కూడా కాదు! అంత తక్కువసేపు తిరిగేదానికి కార్బన్లు చాలు. వాటిని తీసేస్తే వందల ఆంపియర్లను స్విచ్ చేసే ఎలక్ట్రానిక్స్ పెట్టాలి. ఖర్చు అక్కడ పెరుగుతుంది.

సెల్ఫ్ పుట్టుకే ఈ కాస్తసేపు అన్న లెక్క మీద జరిగింది. హ్యాండిల్ వేసి కారు స్టార్ట్ చేసే రోజుల్లో, అది వెనక్కి తన్ని చేతులు విరిగేవి. ఇంజన్ని తిప్పే మోటారంటే ఇంజనంత ఉండాలని అందరూ అనుకునేవారు. చార్లెస్ కెటరింగ్ అంతకుముందు నగదు లెక్కించే యంత్రాలకు కరెంటు మోటారు పెట్టిన మనిషి. క్షణంపాటు అయితే చిన్న మోటారు మీద ఎంతో భారం వేయవచ్చని ఆయనకు తెలుసు. అలా తయారైన సెల్ఫ్ 1912 క్యాడిలాక్ కార్లలోకి వచ్చింది. ఆ మొదటి యంత్రం స్టార్టరూ అదే, బ్యాటరీ ఛార్జ్ చేసే డైనమో కూడా అదే. తర్వాత చాలాకాలం రెండూ విడిగా నడిచాయి.

ఇప్పుడు మన స్కూటర్లలో ఆ కలయిక మళ్లీ వచ్చింది. 2020లో వచ్చిన యాక్టివా 6జీలో ఇంజను పక్కన ఛార్జింగ్ కోసం తిరిగే యంత్రమే స్టార్టరు కూడా. కార్బన్లు లేవు, పళ్లు కొట్టుకోవడం లేదు, అందుకే చప్పుడు లేదు. కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) దాటడానికి ముందు క్రాంకును (ఇంజను ఇరుసును) కాస్త వెనక్కి తిప్పి, ఆ పరుగుతో ముందుకు తోస్తుంది. ఎంత తెలివైన పనో చూడండి! పెద్ద మోటారు పెట్టకుండా ఆ అవసరాన్నే తగ్గించేశారు. కాబట్టి కార్బన్లు తీసేయాలంటే స్కూటరు మీద చేయండి.

ట్రాక్టరో లారీయో ఎంచుకుంటే మాత్రం ముందు ఏదైనా ఆటో ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లి పాడైన సెల్ఫులు అడిగి తెచ్చుకోండి. విప్పి, దేనివల్ల పోయిందో రాసుకోండి: బుష్ అరుగుదలా, సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) లోపలి రాగి కాంటాక్టు కాలడమా, బెండిక్స్ జారడమా, నీళ్లు దిగడమా. ఏది ఎక్కువ కనిపిస్తే దాన్ని బాగుచేసే డిజైన్ గీయండి. దాన్ని కొట్టిపారేయడం ఏ పరీక్షాధికారి వల్లా కాదు.

ప్రశ్న: మా కారు సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి, క్లచ్ నొక్కగానే స్టార్ట్ అవుతోంది. సెల్ఫ్ త్వరగా పాడవుతుందని టెన్షన్‌గా ఉంది. ఆ బటన్ ఆఫ్ చేసి పెట్టుకోవాలా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అక్కర్లేదు. ఆ కార్లకు మామూలు సెల్ఫ్ పెట్టరు. ఎన్నో రెట్లు ఎక్కువసార్లు స్టార్ట్ చేసేలా కార్బన్లు, బేరింగులు, పినియను, స్ప్రింగులు బలంగా చేస్తారు. కొన్నింట్లో బెల్టుతో తిప్పే మోటారే ఆ పని చేస్తుంది. మీరు చూసుకోవలసింది బ్యాటరీ. మార్చే రోజు వచ్చినప్పుడు చవకని మామూలు బ్యాటరీ వేయించకండి. పాతదాని మీద ఈఎఫ్‌బీ అనో ఏజీఎం అనో (మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే బ్యాటరీ రకాలు) ఉంటుంది, అదే రకం అడగండి. కొత్తది వేశాక సిగ్నల్ దగ్గర ఇంజను ఆగడం మానేస్తే, ముందుగా ఆ బ్యాటరీ రకమే చూడండి.