పదకొండు పుస్తకాల జాబితా

హనుమకొండ,
ఆదివారం

బిడ్డా,

నువ్వు పంపిన జాబితా చూశాను. పిల్లల పెంపకం మీద ఏడు, మనసు సంగతుల మీద నాలుగు, మొత్తం పదకొండు పుస్తకాలు! "పెద్దమ్మా, ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేశావు కదా, ఏవి కొనాలో టిక్కు పెట్టి పంపు" అన్నావు. ఏడు నెలల చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని, నాలుగేళ్లవాడి వెనకాల పరిగెడుతూ ఇవన్నీ ఎప్పుడు చదువుతావమ్మా? ఆ జాబితాలో నాకు పుస్తకాల కన్నా నీ కంగారే ఎక్కువ కనిపించింది. అందుకే టిక్కులు పెట్టడం లేదు. నేనైతే ఎలా ఏరుకుంటానో చెబుతాను, ఆపైన నీ ఇష్టం.

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. మీ అన్న పుట్టుకతో ఎడమచేతి వాటం. బలపం ఎడమ చేత్తో పట్టుకున్నప్పుడల్లా లాగి కుడి చేతిలో పెట్టేదాన్ని. ఒక పెంపకం పుస్తకంలో అలాగే ఉంది మరి, చిన్నప్పుడే మాన్పించాలని. ఆ పుస్తకం అచ్చయి అప్పటికే ఎన్నో ఏళ్లు గడిచిపోయింది. రోజూ పుస్తకాల మీద ముద్రలు కొట్టే మనిషిని, నా ఇంట్లో పుస్తకం ఏ సంవత్సరానిదో మాత్రం చూసుకోలేదు. వాడు ఇప్పటికీ సుత్తి ఎడమ చేత్తోనే పట్టుకుంటాడు, రాత మాత్రం కుడి చేత్తో కోడిగీతలు గీస్తాడు. చెక్కు మీద వాడి సంతకం చూసినప్పుడల్లా నాకు ఆ బలపం గుర్తొస్తుంది.

కనుక పుస్తకం చేతికి రాగానే అట్ట చూసి మురిసిపోకుండా లోపలి పేజీలో ముద్రణ వివరాలు చదువు. 'పదిహేనో ముద్రణ' అని ఉంటే బాగా అమ్ముడుపోయిందని అర్థం, బాగుచేశారని కాదు. 'సవరించిన ముద్రణ' అని ఉందా, ఏ సంవత్సరంలో సవరించారు, అది ముఖ్యం. అమెరికాలో బెంజమిన్ స్పాక్ అనే పిల్లల డాక్టర్ 1946లో రాసిన పుస్తకం కోట్ల ప్రతులు అమ్ముడైంది. తల్లులను బెదిరించకుండా ధైర్యం చెప్పిన పుస్తకమని దానికి పేరు. కానీ 1950ల చివర వచ్చిన ముద్రణలో ఆయన పసిపిల్లలను బోర్లా పడుకోబెట్టమన్నాడు. వాంతి చేసుకుంటే ఊపిరికి అడ్డం పడకుండా ఉంటుందని ఆయన ఉద్దేశం. బోర్లా పడుకునే పసివాళ్లకు నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువని తర్వాత తేలింది. 1990లలో వెల్లకిలా పడుకోబెట్టండని పెద్ద ప్రచారమే చేయవలసి వచ్చింది. మంచి మనసుతో రాసిన మంచి పుస్తకంలోనే ఇంత పొరపాటు దొర్లింది.

చంటిపిల్లల పుస్తకమైతే నేను ఇంకో పేజీ కూడా వెతుకుతాను, పుట్టగానే ఏం పట్టాలన్న పేజీ. తేనె నాకించమని ఉంటే అక్కడే మూసేస్తాను. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి వల్ల పసివాళ్లకు ఒళ్లు చచ్చుబడే జబ్బు రావచ్చు, ఏడాది నిండేదాకా అది వద్దు. ఈ మాట మీ అత్తగారు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు, నీ నేర్పు.

పెద్దవాడు అన్నం దగ్గర మారాం చేస్తున్నాడని రాశావు కదా. విషయసూచికలో ఆ సంగతి ఎక్కడుందో చూసి, షాపులో నిలబడే ఆ నాలుగు పేజీలు చదువు. ఈ రాత్రి కంచం ముందు నువ్వు చేయగల పని ఒక్కటైనా చెప్పిందా? 'ప్రేమతో నచ్చజెప్పండి' అని ఊరుకుందా? చదివాక నీ గుండె కాస్త తేలికపడిందా, లేక నేనే చెడ్డ తల్లినని అనిపించిందా? రెండోదైతే ఎంత పేరున్నదైనా తిరిగి అరలో పెట్టెయ్. అనువాదాల్లో ఇంకో చిక్కు ఉంది. బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టమంటారు. ఉన్న రెండు గదుల్లో అత్తమామలు, మీరు, పిల్లలు సర్దుకుంటుంటే వేరే గది ఎక్కడిది? అలాంటివి చదివి దిగులు పడకుండా వదిలెయ్. అట్ట మీద 'ర్యాంకు', 'మేధావి' అన్న మాటలుంటే అది పెంపకం పుస్తకం కాదు, కార్పొరేట్ కాలేజీ ఫ్లెక్సీకి చుట్టం. నీ జాబితాలో అలాంటివి మూడున్నాయి, కొట్టేశాను.

మనసు పుస్తకాలు నాలుగింటిలో రెండు ఒట్టి ఉపన్యాసాలు. వినడానికి బాగుంటాయి, మర్నాటికి ఏమీ మిగలదు. నాకు నమ్మకమున్నవి మన చేత పెన్సిల్ పట్టించే పుస్తకాలు. వచ్చిన ఆలోచన రాయి, దానికి ఆధారమేమిటో రాయి, ఇంకోలా చూడవచ్చేమో రాయి అంటాయి. 1960లలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి నుంచి వచ్చినవి ఇవి. డబ్బు పెట్టకుండా కావాలంటే, ఒత్తిడిని తట్టుకోవడం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో బొమ్మలతో ఒక చిన్న పుస్తకం తెచ్చింది, ఇంటర్నెట్‌లో ఉచితం. రోజుకు కొద్ది నిమిషాలు చాలు, పాలిస్తూ కూడా చదువుకోవచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకో. 'ఈ లక్షణాలుంటే నన్ను పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లు' అని చెప్పే పుస్తకాన్ని నమ్ము. మందులు మానేయమనేదాన్ని ఇంట్లోకే రానీయకు.

ఇక నీ ఉత్తరం చివర చిన్నగా రాసిన వాక్యం. పాప పడుకున్నా నీకు నిద్ర పట్టడం లేదని, ఊరికే ఏడుపొస్తోందని. దాన్ని నేను మూడుసార్లు చదివాను. ఎన్నాళ్ల నుంచి? రెండు వారాలు దాటితే అది పుస్తకంతో తీరేది కాదు. కాన్పు తర్వాత చాలామందికి వచ్చేదే, వైద్యంతో తగ్గేదే, నీ తప్పు ఇసుమంతైనా లేదు. 14416కు ఫోను చెయ్యి. టెలీ మానస్ అంటారు, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. నిన్ను నువ్వు గాని, పాపను గాని ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ గడియలోనే ఇంట్లో ఎవరికైనా చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లు, నా కోసం కూడా ఆగకు. ఇక్కడికే వస్తానంటే మన ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, నేను వెంట ఉంటాను.

రేపు రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి వెళ్తున్నాను. 1904 నాటి ఆ గ్రంథాలయంలో కొత్తవాటి కోసం వెతుకుతానంటే నవ్వకు. మిగిలిన వాటిలో ఒకటి పెంపకానిది, ఒకటి మనసుది చూస్తాను, అక్కడ లేకపోతే చౌరస్తాలో కొంటాను. శుక్రవారం పొద్దున బస్సుకు జగిత్యాల బయలుదేరుతున్నాను. మీ ఆయనకు చెప్పు, బస్టాండుకు రానక్కర్లేదు, ఆటోలో వస్తాను. సకినాలు తెస్తున్నాను. నేనున్న నాలుగు రోజులూ రాత్రుళ్లు పాపను పాలకు మాత్రమే నీ దగ్గరికి తెస్తాను, మిగతా వేళ నువ్వు పడుకో.

మీ పెద్దమ్మ